చేపల జోల

గాలానికి చేప పడాలంటే ఓపిక ఉండాలి. హైమావతికి అన్నీ ఉన్నాయి గానీ ఆ ఒక్కటే లేదు. చేపల మీద డాక్టరేట్ అయితే చేసింది కానీ, బుద్ధెరిగిన నాటి నుంచి గాలంతో ఒక్క చేపని పట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆదివారం పూట ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని ఊరవతల చెరువుగట్టున కూర్చుందంటే అది కొడుకు జస్వంత్ పుణ్యమే. "మీ అమ్మ చేపల సైంటిస్టు కదరా, నీకు గాలం వెయ్యడం కూడా రాదా?" అని బడిలో ఎవడో అన్నాడట. అప్పట్నుంచి పదేళ్ల వెధవ ఇల్లు పీకి పందిరేశాడు.

కొల్లేరు దిగువన ఎటు చూసినా చెరువులే. ఈ చెరువు మత్స్యవాణి అనే కంపెనీది. హైమ ఆ కంపెనీలోనే పనిచేస్తోంది. చెరువులో పెరిగిన శీలావతులు, బొచ్చెలు అన్నీ ఆవిడ ప్రయోగశాలలో గుడ్డు పగిలినవే.

జస్వంత్ వానపామును కొక్కేనికి గుచ్చి నీళ్లలోకి విసిరాడు. ఆరేళ్ల లాస్య పక్కనే కూర్చుని, మరమరాల పొట్లం ఒళ్లో పెట్టుకుని, తనకో పిడికెడు చెరువుకో పిడికెడు చొప్పున పంచుతోంది.

"అమ్మా, బెండు కదలట్లేదే."

"కదులుతుందిరా. కాసేపు నోరు మూసుకుని కూర్చో."

"ఎప్పుడు కదులుతుంది?"

"చేపకి బుద్ధి పుట్టినప్పుడు."

ఎండ ఎక్కింది. చేపకి బుద్ధి పుట్టలేదు. కొడుకు కంటే ముందు తల్లికే విసుగొచ్చింది.

"పోనీ పిలుపు పెట్టమ్మా. పెట్టె కార్లోనే ఉందిగా" అన్నాడు వాడు.

"పిలుపు పెట్టుకుంటే ఇంక గాలమెందుకురా? బజార్లో కొనుక్కున్నట్టే."

"ఒక్కసారమ్మా! నువ్వు కనిపెట్టావు, నేనే చూళ్లేదు. చెల్లి కూడా చూళ్లేదు."

నువ్వు కనిపెట్టావు అన్న మాట హైమకి ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. లేచి వెళ్లి పెట్టె తెచ్చింది. దానికి పొడుగాటి తీగ, తీగ చివర కొబ్బరికాయంత గుండు. తూము దగ్గర లోతు ఎక్కువ. గుండుని అక్కడికి విసిరి స్విచ్ వేసింది.

మూసిన నోటితో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు సన్నటి మోత వచ్చింది. ముందు నీళ్లు వణికాయి. తర్వాత చెరువు నాలుగు మూలల నుంచీ చేపలు కదిలొచ్చాయి. తూము దగ్గర ఒకదాని మీదకొకటి ఎక్కాయి. కింద నీళ్లు చాలక పైవి గాలిలో నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి, అయినా ఒక్కటీ వెనక్కి పోవడం లేదు. జస్వంత్ గాలం పారేసి గంతులేశాడు.

"చూశావా? మేత వేసినా ఇటు తల తిప్పవు. చేపల పట్టుబడి రోజున వలతో పనే లేదు, గుండు కింద బుట్ట పెట్టి ఎత్తుకోవడమే" అని హైమ గర్వంగా వెనక్కి తిరిగింది.

మరమరాల పొట్లం గట్టు మీద పడి ఉంది. లాస్య లేదు.

పిల్ల గుండెల లోతు నీళ్లలో ఉంది. తూము వైపు నడుస్తోంది. కేకేస్తే తిరిగి చూడలేదు. హైమ చీరతోనే దూకి నడుం పట్టుకుని లాగితే, ఎన్నడూ గట్టిగా మాట్లాడని పిల్ల తల్లి చేతిని రక్తం వచ్చేలా కొరికింది. గోళ్లతో మొహం రక్కింది. ముందుకే గుంజుకుంటోంది.

"జస్సూ, పెట్టె ఆపు! ఆపరా!"

మోత ఆగింది. లాస్య ఒళ్లు ఒక్కసారిగా మెత్తబడింది. తల్లి భుజం మీద తల వాల్చి, నీళ్లు కక్కుకుని, నిష్ఠూరంగా అడిగింది.

"ఎందుకమ్మా అంతలా పిలుస్తావు? వస్తన్నా కదా."

*

గుడ్డులో ఉండగా విన్న చప్పుడిని చేప చచ్చేదాకా మరిచిపోదు. హైమ కనిపెట్టింది ఇంతే. అన్ని చప్పుళ్లకీ ఇలా జరగదు. చాలా రకాలు వేసి చూసి, విసుగొచ్చి, ఒకరోజు తన కూనిరాగాన్నే యంత్రంలోకి ఎక్కించి సాగదీసింది. అదే పనికొచ్చింది. గుడ్లు పొదిగే తొట్టెల్లో రేయింబవళ్లు ఆ మోత వేస్తే, వాటిలోంచి వచ్చిన పిల్లలు పెరిగి పెద్దయ్యాక కూడా అది వినబడగానే మేతా ప్రాణమూ మరిచి పరుగెత్తుకొస్తాయి.

ఆ రోజుల్లో లాస్య ఆవిడ కడుపులో ఉంది. పిల్ల తంతే హైమ వెళ్లి తొట్టెకి పొట్ట ఆనించి నిలబడేది. గోడలోంచి మోత పొట్టకి తగలగానే తన్నులు ఆగేవి. "మేడం, లోపలే డ్యూటీ ఎక్కేసిందండీ" అని కుర్ర సైంటిస్టులు ఆట పట్టించేవాళ్లు. పుట్టాక, ఏ జోలకీ నిద్రపోని పిల్ల ఆ మోతకి ఠక్కున కళ్లు మూసేది. ఫోన్లో పెట్టి ఉయ్యాల పక్కన పడేసి హైమ తన పని తాను చూసుకునేది. నడక రాకముందే ఆ అలవాటు మాన్పించింది. కాళ్లొచ్చాక లాస్య దాన్ని మళ్లీ వినే పని పడలేదు. చెరువుల్లో పిలుపు చేపలు పట్టుబడికి రావడం ఈ ఏడే మొదలు మరి. కడుపులో ఉన్నదీ గుడ్డులో ఉన్నదీ ఒకటే అన్న ఆలోచన అంత చదువుకున్న బుర్రకి తట్టలేదు.

ఇప్పుడు తట్టింది. తట్టినా నిర్ధారణ కావాలి కదా! శాస్త్రవేత్తలకి అదో జబ్బు.

లాస్యకి ఐస్‌క్రీం కప్పిచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. వంటింట్లో ఫోన్ సన్నగా మోగించింది. పిల్ల కప్పు వదిలేసి వచ్చేసింది. దారిలో కుర్చీలు అడ్డంపెట్టి మోగించింది. కుర్చీలు దొర్లించుకుంటూ వచ్చింది. ఫోన్ పెరట్లో పెట్టి, దోమల జాలీ తలుపు గడియ వేసి మోగించింది. లాస్య జాలీకి మొహం ఆనించి తోసింది. ఇంకా తోసింది. ముక్కు మీద తోలు లేచి జాలీ గళ్లల్లోకి రక్తం దిగింది. ఏడుపు లేదు, నవ్వుతూనే ఉంది.

"ఆపవే! అది పిల్లనుకున్నావా, చేపనుకున్నావా?" హైమ భర్త గోవర్ధన్ అరిచాడు. ఆయనది చేపల మేత వ్యాపారం. సాధారణంగా పెళ్లాం ముందు గొంతు పెంచడు.

"ఒక్క నిమిషమండీ. ఎంతసేపటికి మానుతుందో చూడాలి."

మానలేదు. చివరికి ఆయనే వెళ్లి ఫోన్ నేలకేసి కొట్టాడు.

*

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అయినా హైమ కంపెనీ డైరెక్టర్ మూర్తిరాజు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అంతా విని, గ్లాసులో మంచినీళ్లు తాగి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"పాపకి చెవుల్లో దూది పెట్టి చూశారాండీ?"

"పెట్టానండీ. వినబడకపోయినా లాగుతోంది. ఎముకల్లోంచి ఎక్కుతోందది."

"పోనీ కొన్నాళ్లు ఎటైనా పంపించెయ్యండి."

"ఎక్కడికి పంపమంటారు? బతికున్న చేపల్ని తోలే లారీల్లో మన పిలుపే వేస్తున్నారు, హైదరాబాద్ నుంచి కలకత్తా దాకా. ఇప్పుడిప్పుడే కుర్రాళ్లు కూడా ఫోన్లలోకి ఎక్కించుకుని వీధుల్లో మోగిస్తున్నారు. పిలుపు మార్చెయ్యండి సార్, ఇంకో మోత చేసిస్తాను."

"మార్చితే చెరువుల్లో ఉన్న చేపలు దేనికి పలుకుతాయండీ? ఇన్ని ఊళ్ల రైతులు వలలోళ్లని మాన్పించేసి మనల్నే నమ్ముకుని కూర్చున్నారు. ఆ మాన్పించమన్న సలహా కూడా తమరిదేనండి. ఒక్క పిల్ల కోసం చెరువు మీద అలుగుతామా చెప్పండి?" అని ఆయన లేచి నిలబడ్డాడు. "ఈ పంట వెళ్లనివ్వండి. చూద్దాం. పాపని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి, ఆడపిల్ల."

పంట వెళ్లేదాకా ఆగితే పిల్ల ఉండదని నాలుగు రోజుల్లోనే తెలిసిపోయింది. రోడ్డవతల చెరువులో తెల్లవారుజామున పట్టుబడి పెట్టారు. ఇంట్లో అందరూ లేచేసరికి లాస్య మంచం మీద లేదు. స్నానాల గది కిటికీ అద్దం పగిలి ఉంది. గోవర్ధన్ పరుగెత్తేసరికి పిల్ల గడ్డం దాకా నీళ్లలో, ఒంటి నిండా గాజుగాట్లతో, చేపల మధ్య నిలబడి ముందుకి అడుగు వేస్తోంది. గట్టు మీది పనివాళ్లంతా బుట్ట వైపు చూస్తున్నారు గానీ పిల్లని చూసినవాడు లేడు.

ఆ రోజు నుంచి లాస్యని మంచానికి మెత్తటి తువ్వాళ్లతో కట్టి పడుకోబెట్టారు. కట్టేటప్పుడు పిల్ల చేతులు తనే చాపేది. తల్లి కడుతుంటే దానికి భయం లేదు.

*

హైమ ప్రయోగశాల వదల్లేదు. గుడ్డులో పడ్డ ముద్రని చెరిపే దారి ఉందేమో చూడాలి. పిలుపుకి వచ్చిన చేపలకి కరెంటు షాక్ ఇచ్చింది. అవి షాక్ తింటూనే వచ్చాయి. వచ్చి చచ్చాయి. మేత మాడ్చింది, వేడినీళ్లు పోసింది, లాభం లేకపోయింది.

చివరికి ఒక శీలావతిని నీళ్లలోంచి తీసి, పిలుపు మోగిస్తూ, ఊపిరాడక తోక కొట్టుకోవడం ఆగబోయేదాకా చేతిలో పట్టుకుని, అప్పుడు వదిలింది. మళ్లీ తీసింది, మళ్లీ వదిలింది. నాలుగోసారి పిలుపు వినబడగానే ఆ చేప తొట్టె అవతలి గోడకి వెళ్లి నక్కింది.

హైమ ఆనందం పట్టలేక తొట్టె మీదకి వంగింది. చేప ఆవిడ నీడ చూసి గోడకేసి తల బాదుకుంది. తొట్టెలు కడిగే పనిమనిషి వంగితే కదల్లేదు. కుర్ర సైంటిస్టు చెయ్యి పెడితే వచ్చి వేళ్లు నాకింది. హైమ మళ్లీ వంగింది. మళ్లీ బాదుకుంది. మిగిలిన చేపలతో చేసి చూసినా అంతే. పిలుపూ, పిలుపు పట్టుకుని నిలబడ్డ మనిషీ వాటికి ఒకటే అయిపోయాయి. ఆ మోతకి మూలం ఎవరి గొంతో హైమకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి మొగుడికి అంతా చెప్పింది.

"నీళ్లలో ముంచుతావా? కన్నపిల్లని?" గోవర్ధన్ లేచి నిలబడ్డాడు. "ఆ పనేదో నేను చేస్తే? నన్ను చూసి భయపడితే పడనీ."

"అది వెళ్లేది నా గొంతుకండీ. కుర్రాళ్ల చేత కూడా చేయించి చూశాను, చేపలు వాళ్లకే భయపడ్డాయి గానీ పిలుపుకి వస్తూనే ఉన్నాయి. మీ చేత్తో ముంచితే మీకే భయపడుతుంది, నా గొంతుకి పరుగెత్తుతూనే ఉంటుంది. నేనే చెయ్యాలి."

"మనిషివేనా నువ్వు?"

"ముందు బతకనీ. బతికుండి నన్ను తిట్టుకోనీ."

ఆయన సరేననలేదు, వద్దని అడ్డమూ పడలేదు. మర్నాడు పొద్దున్నే గోడౌనులో పనుందని వెళ్లిపోయాడు. లోకంలో సగం ఘోరాలు ఇలా గోడౌనుకి వెళ్లినవాళ్ల సాయంతోనే జరుగుతాయి.

*

"ఇవాళ చేపలు పడదాం పదండి" అంది హైమ.

లాస్య ఎగిరి గంతేసింది. ఈసారి దానికీ ఒక బుల్లి గాలం కొంది హైమ, ఎర్ర బెండుతో. మరమరాలు కొంది. దారి పొడుగునా పిల్ల పాటలు పాడింది. జస్వంత్ మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వాడికి సగం చెప్పింది హైమ. మిగతా సగం వాడే ఊహించుకున్నాడు.

"జస్సూ, నేను చెయ్యి ఎత్తితే స్విచ్ వెయ్యి. దించితే ఆపు. చెల్లి ఏం చేసినా, ఏమని అరిచినా నా చెయ్యే చూడు."

"అమ్మా, నాకు భయమేస్తోంది."

"చెల్లి చచ్చిపోతే నీకు ఫర్వాలేదా?"

వాడు వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాడు.

హైమ గుండుని నడుముకి కట్టుకుని నీళ్లలోకి దిగి చేతులు చాపింది. "రా బంగారూ, ఈత నేర్పిస్తాను."

లాస్య బుల్లి గాలాన్ని జాగ్రత్తగా గట్టుకి ఆనించి పెట్టి వచ్చింది. హైమ చెయ్యి ఎత్తింది. మోత మొదలైంది. పిల్ల నవ్వుతూ తల్లి మెడ కావలించుకుంది. చుట్టూ చేపలు వచ్చి ఇద్దరి కాళ్లకీ ఒరుసుకుంటున్నాయి. హైమ ఆ చేతులు మెడ మీంచి విడదీసి, పిల్ల తల నీళ్లలోకి నొక్కింది.

ఎంతసేపో ఇక్కడ చెప్పనక్కర్లేదు. చేపకి ఎంతసేపో, అంతసేపు.

పైకి తీసినప్పుడు మొదటిసారి లాస్య ఆశ్చర్యంగా చూసింది. ఏదో పొరపాటు జరిగిందనుకుంది. దగ్గుకుంటూనే, "అమ్మా, నేను కింద ఉన్నా, చూసుకోలేదా?" అంది. రెండోసారి "అమ్మా వద్దు" అంది. మూడోసారి అన్నయ్య వైపు చూసింది. జస్వంత్ వెక్కి వెక్కి ఏడుస్తూ అమ్మ చెయ్యే చూశాడు. చెయ్యి లేస్తే వేశాడు, దిగితే ఆపాడు. హైమకి ఏడుపు రాలేదు. గుండె ఉన్నచోట బండరాయి పెట్టుకుని దిగింది మరి.

తర్వాత ఒకసారి చెయ్యి ఎత్తగానే, మోత ఇంకా సరిగ్గా రానేలేదు, లాస్య తల్లి మొహం మీద కాలు పెట్టి తన్ని, గట్టెక్కి, పొలాల వైపు పరుగు తీసింది. వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది. బుల్లి గాలం దాని కాలు తగిలి నీళ్లలో పడింది.

"నయమైంది" అంది హైమ నీళ్లలో నిలబడి. ఆ మాట వినడానికి జస్వంత్ కూడా అక్కడ లేడు, చెల్లి వెనకే పరుగెత్తాడు.

*

నిజంగానే నయమైంది. వీధిలో కుర్రాళ్లు పిలుపు మోగిస్తే లాస్య ఇంట్లోకి పరుగెత్తి మంచం కింద దూరేది. తువ్వాళ్లతో కట్టే పని తప్పింది. గాజుగాట్లు మానాయి. మళ్లీ బడికి వెళ్తోంది.

హైమ ఇంట్లోకి వస్తే మాత్రం నిలబడ్డచోటే ఉచ్చ పోసుకునేది. పక్క గదిలోంచి తల్లి గొంతు వినబడినా అన్నం ముద్ద గొంతులో అడ్డం పడేది. డాక్టర్లు మాత్రలిచ్చారు. కొన్నాళ్లు హైమ ఇంట్లో మాట్లాడటం మానేసింది. తర్వాత కంపెనీ గెస్ట్‌హౌసులో గది తీసుకుంది. గోవర్ధన్ ఆపలేదు. పిల్ల పుట్టినరోజుకి పట్టుపావడా కొని గేటుకి తగిలించి వచ్చింది. పావడా తల్లి వాసన వేసిందో ఏమో, పిల్ల తొడగనివ్వలేదు.

దూరం నుంచైనా చూసుకోవాలని హైమ ఆశ. తల్లికి ఆ మాత్రం ఆశ తప్పంటే ఎలా? ఒక ఆదివారం గోవర్ధన్ పిల్లల్ని చేపలకి తీసుకెళ్తున్నాడని తెలిసింది. లాస్యకి నీళ్ల భయం పోవాలని డాక్టరే చెప్పారట. పిలుపు చేపలు లేని చెరువు వెతికి మరీ ఎంచుకున్నాడాయన. హైమ ముందే వెళ్లి, రెండు చెరువుల మధ్య సన్నటి గట్టుంటే దాని చివర, తూటిపొద చాటున నిలబడింది.

లాస్య తండ్రి ఒళ్లో కూర్చుని గాలం పట్టుకుంది. కాసేపటికి బెండు మునిగింది. తండ్రీ కూతుళ్లు కలిసి లాగితే అరచెయ్యంత జెల్లచేప పడింది. పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! హైమ తెలియకుండానే పొద దాటి ఇవతలికి వచ్చింది.

అప్పుడే, ఆవలి పొలంలో ఎవరిదో చెరువు పట్టుబడి మొదలైంది. పిలుపు మోగింది.

లాస్య గాలం విసిరేసి లేచింది. మోత వచ్చే వైపు వీపు పెట్టి పరుగు తీసింది. ఆ పరుగెత్తే వైపు ఉన్నది సన్నగట్టు. గట్టు చివర హైమ.

సగం గట్టు వచ్చాక పిల్ల తలెత్తి చూసింది. ఆగిపోయింది. వెనక పిలుపు, ముందు అమ్మ. కుడివైపు నీళ్లు, ఎడమవైపు నీళ్లు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని పెద్దలు ఊరికే మాటవరసకి అంటారు గానీ, ఆ రోజు ఆ పిల్ల నిలబడింది అక్కడే. ఇటు చూసింది. అటు చూసింది. తర్వాత కుడివైపు నీళ్లలోకి చూసి, మెల్లిగా ఒక కాలు దించింది. మనిషి మునిగే లోతది.

హైమ నోరు తెరిచింది. లాస్యా అని పిలిస్తే రెండో కాలు కూడా దిగుతుంది. పిలుపు కనిపెట్టిన మనిషి నోరు మూసుకుంది. వెనక్కి పరుగెత్తితే ఎంత దూరం పరుగెత్తినా కనబడుతూనే ఉంటుంది, అంతా బయలు. ఇంకేమీ ఆలోచించలేదు. గట్టుకి ఎడమవైపు గుర్రపుడెక్క దట్టంగా ఉంటే, అందులోకి జారి, ఆకుల్ని తల మీదకి లాక్కుని మునిగింది.

లాస్య వెనకే పరుగెత్తుకొచ్చిన జస్వంత్ ఇదంతా చూశాడు. గుర్రపుడెక్క కదలడం చూశాడు, నీటి మీద తేలిన చీర కొంగు చూశాడు.

"అటే పరిగెత్తవే లాస్యా!" అని అరిచాడు. "భయం లేదు! అమ్మ లేదక్కడ! అమ్మ లేదే!"

పిల్ల కాలు పైకి తీసుకుంది. బుల్లి పాదాలు గట్టు మీద టపటపలాడుతూ హైమ తలకి జానెడు దూరంలోంచి వెళ్లిపోయాయి. వాటి వెనకే కొడుకు కాళ్లు, ఆ వెనక మొగుడి కాళ్లు. ఆ చప్పుళ్లన్నీ దూరమయ్యేదాకా హైమ ఊపిరి బిగబట్టి నీళ్లలోనే ఉంది.